అరంగుళం మాస్టారి సెలవుల పథ్యం

ఆ వీధిలో అరంగుళం మాస్టారికి తెలియని నడుము లేదు. దర్జీ కదా, చిన్నా పెద్దా అందరి నడుములూ ఆయన టేపులోంచి దూరి వెళ్ళినవే. చొక్కా బిగుతైందని ఎవరైనా వస్తే "అరంగుళమేగా, వదిలేస్తా" అనేవారు. వదులైందని వస్తే "అరంగుళమేగా, పట్టేస్తా" అనేవారు. అలా ఆ పేరు స్థిరపడిపోయింది. ఊరందరి కొలతలూ నోటికి చెప్పగల మాస్టారు తన నడుము మాత్రం పెళ్ళయ్యాక ఒక్కసారీ కొలుచుకోలేదు. టేపు అబద్ధం చెప్పదని ఆయనకి తెలుసు. అందుకే దాన్ని అడగలేదు.

అడగకుండానే ఒకరోజు పొట్ట డాక్టరు ఆ నడుము చుట్టూ తన టేపు వేశాడు. పక్కనే మాస్టారి భార్య నిలబడి అంకె చూసింది. చూసి, బొట్టు చెరిగిపోతుందన్న ఆలోచన కూడా లేకుండా నుదురు కొట్టుకుంది.

"మీ పేగులకి చిరాకెక్కువండీ" అన్నాడు డాక్టరు. "పడనిది వేస్తే అలుగుతాయి, ఉబ్బుతాయి, ఉన్నపళంగా పరిగెత్తిస్తాయి. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, పరువు తీసే జబ్బు."

"ఆ చిరాకు వాళ్ళమ్మగారి పోలిక డాక్టరుగారూ" అంది భార్య.

"మైదా వద్దు, పాలు వద్దు, వెన్న వద్దు, వేపుళ్ళు వద్దు. రోజూ నడవాలి. సెలవులైపోయాక మళ్ళీ రండి, ఈ నడుము తగ్గి కనిపించాలి."

మాస్టారు తెల్లబోయారు. "సెలవుల్లో పథ్యమా? సెలవులన్నాక పేగులకి కూడా సెలవులే కదండీ?"

"నేనూ వాటికి సెలవే ఇమ్మంటున్నాను. మీరే ఓవర్‌టైము చేయిస్తున్నారు."

పరువు సంగతి డాక్టరు ఊరికే అనలేదు. నిరుడు కూతురి పెళ్ళి విందులో మీగడ పూసినవీ, వెన్న కారుతున్నవీ వరసపెట్టి లాగించిన మాస్టారు, ఫొటోలు మొదలయ్యే వేళకి కడుపు పట్టుకుని మాయమయ్యారు. వేసిన తలుపు ఆయన తీసేసరికి ఫొటోగ్రాఫరు లైట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళి ఆల్బమ్‌లో ఏ పేజీ తిప్పినా పెళ్ళికూతురి పక్కన తల్లి, తల్లి పక్కన ఖాళీ కుర్చీ. చూసినవాళ్ళు "మీ నాన్నగారెక్కడ?" అని అడిగితే కూతురు అమ్మలు ఆ కుర్చీ మీద వేలు పెట్టి "ఇదే నాన్న" అని చెప్పేది.

ఈ ఏడాది చివరి సెలవులకి అమ్మలు, అల్లుడు నెల రోజులుండేలా వస్తున్నారు. సెలవుల ఆఖరి ఆదివారం వియ్యంకులు భోజనానికి వస్తారు. ఆ రోజు అందరూ కలిసి ఫొటో దిగాలని అమ్మలు పట్టుబట్టింది.

"ఈసారి ఆ కుర్చీలో నువ్వుండాలి నాన్నా" అంది ఫోనులో.

"ఉంటానమ్మా. కావాలంటే నన్ను కుర్చీకి వేసి కుట్టేయండి" అన్నారు. ఆ మాట మనసులోంచి వచ్చిందే. అయితే ఆయన మనసుకీ నోటికీ మధ్య నాలుక అనేదొకటి ఉంది.

అల్లుడు రెండు పెట్టెలతో దిగాడు. ఒకదాన్నిండా బట్టలు, రెండోదాన్నిండా కేకు గిన్నెలు. పెద్ద హోటల్లో కేకులు చేసే ఉద్యోగం మానేసి సొంత దుకాణం పెట్టుకోబోతున్నాడు. ఈ నెల్లో రోజుకో కొత్త రకం చేసి చూసుకోవాలని అతని పట్టుదల. పెట్టె తెరవగానే వచ్చిన వాసనకి మాస్టారు కళ్ళు అరమోడ్చారు.

"బాబూ, ఏమీ అనుకోకండి" అంది అత్తగారు. "ఈ ఇంట్లో ఓవెను వెలిగిస్తే మీ మావగారు అందులో తల పెడతారు. మీరు బయటెక్కడైనా చూసుకోండి."

బస్సు డిపో అవతల, మెట్లవీధి పైన అల్లుడి స్నేహితుడికో బేకరీ ఉంది. సెలవులని మూసేశాడు. దాని తాళం అల్లుడి చేతికొచ్చింది. అక్కడే వండుకుంటాడు, ఇంటికి మాత్రం ఖాళీ చేతులతో రావాలి. అదీ ఒప్పందం.

తరవాత మాస్టారి భార్య బీరువాలోంచి ఒక బూడిదరంగు ప్యాంటు తీసింది.

"ఇది మీరు కుట్టుకున్నదే. మీ చేతిపని మీద మీకు నమ్మకముందిగా?"

"లేకేం!"

"ఆదివారం ఆదివారం దీన్ని తొడగండి. హుక్కు పడితే బాబు చేసిన కేకు ఒక ముక్క తెప్పించి పెడతాను. పడకపోతే జావ."

"పడితే జావ ఉండదా?"

"కేకుతోపాటు జావ."

మొదటి ఆదివారం మాస్టారు గట్టిగా ఊపిరి బిగబట్టారు. హుక్కూ, అది పడే కన్నమూ దూరం నుంచి ఒకదాన్నొకటి చూసుకున్నాయి గానీ కలుసుకోలేదు.

"ఇంక ఊపిరి వదలండి. మొహం వంకాయ రంగుకొచ్చింది" అంది భార్య, జావ గ్లాసు చేతికిస్తూ.

ఆ జావ గొంతు దిగుతుండగానే మాస్టారి బుర్రలో దీపం వెలిగింది. ప్యాంటు వెనక కుట్టులో దర్జీ అన్నవాడు కాస్త గుడ్డ మిగిల్చి మడిచి పెడతాడు. మనిషి ఎప్పుడైనా లావెక్కితే వదలడానికి పనికొస్తుందని. ఎందరికో వదిలిన చెయ్యి తనకి వదులుకోలేదా? ఆ పూట నుంచీ ఆయన కుట్టుపనిలో కుట్రపని కూడా చేరింది.

"ఆ ప్యాంటు ఇలా ఇవ్వు, దుకాణంలో ఇస్త్రీ చేసి తెస్తా" అన్నారు.

"మీరు? ఇంట్లో ప్యాంటుకి ఇస్త్రీనా?"

"ఏం, నా దుకాణంలో నేను కస్టమర్ని కాకూడదా?"

దుకాణమంటే ఇంటి ముందుగదే. తలుపు ఓరగా వేసి, వెనక కుట్టు విప్పి, అరంగుళం వదిలి మిషన్ ఆడించారు. ముందుజాగ్రత్తగా ఇంకో అరంగుళం. అల్లుడి చేతిపని తలుచుకుని మరో అరంగుళం.

రెండో ఆదివారం హుక్కు ఠక్కున పడింది. మాస్టారు గదిలో నాలుగు వైపులా తిరిగి చూపించారు. "చూశావా? జావ మహత్యం!"

భార్య కాసేపు ఆ ప్యాంటుకేసి, కాసేపు ఆయన మొహంకేసి చూసింది. "చాలా బాగుంది" అని, మాట తప్పకుండా కేకు ముక్క తెప్పించి పెట్టింది. అది ఎంత పల్చగా ఉందంటే, ఎత్తి పట్టుకుంటే అవతల గోడ మీద గడియారంలో టైము కనిపించింది.

ఇంత కుట్ర చేసి ఆ పొర కోసమా అని మాస్టారికి కడుపు మండింది, ఈసారి జబ్బు వల్ల కాదు. సందు చూసి అల్లుణ్ణి పట్టుకున్నారు.

"బాబూ, మీ దుకాణానికి రుచి చూసి నిజం చెప్పే మనిషి కావాలి కదూ?"

"కావాలండి మావయ్యగారూ."

"నా నాలుక ఎలాంటిదనుకున్నారు? ఉప్పు ఒక్క రవ్వ తేడా వస్తే పట్టేస్తుంది."

అల్లుడు నీళ్ళు నమిలాడు. "అత్తయ్యగారికి తెలిస్తే..."

"మీరు చెప్పరు, నేను చెప్పను. ఇంకెలా తెలుస్తుంది? కేకు తనంతట తాను వచ్చి చెబుతుందా?"

ఆ సాయంత్రం మాస్టారు బూట్లు తొడుక్కున్నారు. "డాక్టరు నడవమన్నాడుగా, అలా నడిచొస్తా" అన్నారు.

భార్య చేతిలో గరిట ఆగిపోయింది. పాలపాకెట్టు కోసం వీధి మలుపు దాకా వెళ్ళమంటే మోకాలు చూపించే మనిషి! "వెళ్ళండి, వెళ్ళండి" అంది సంబరంగా. "తొందరపడి వచ్చేయకండి."

బస్సు డిపో దాకా ఒక ఎత్తు, ఆ మెట్లవీధి ఒక్కటీ ఒక ఎత్తు. సగంలో మాస్టారు రెయిలింగు పట్టుకుని, ఈ బేకరీ కట్టినవాడి వంశాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు. కానీ పైనుంచి ఒక వాసన దిగి వచ్చి ఆయన ముక్కు పట్టుకుని పైకి లాక్కెళ్ళింది.

అల్లుడు పళ్ళెంలో పెద్ద ముక్క పెట్టాడు. బంగారు రంగులో, దూదిలా మెత్తగా, చెమ్మచెమ్మగా ఉంది. కేకు నోట్లో పడగానే మాస్టారు కేక పెట్టారు.

"వెన్న! అసలు సిసలు వెన్న! ఎంత పోశారు బాబూ?"

అల్లుడు అటు తిరిగి గిన్నెలు తోముకుంటూ "సరిపడా వేశానండి" అన్నాడు.

ఇక రోజూ అదే వరస. సాయంత్రమయ్యేసరికి మాస్టారు చేతిలో కత్తెర ఎక్కడిదక్కడ వదిలేసి నడకకి బయలుదేరేవారు. పైన కేకుకి చోటుండాలని మధ్యాహ్నం రెండోసారి వడ్డిస్తే వద్దనేవారు. దుకాణానికొచ్చిన వాళ్ళు తినమని ఇచ్చే చిరుతిళ్ళు పక్కకి నెట్టేసేవారు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, కడుపు నోరు మెదపలేదు. ఉబ్బరం లేదు, మంట లేదు, పరుగులు లేవు. రోజూ ఒక ముక్క వెన్న కేకు తింటుంటే పేగులు పసిపిల్లల్లా పడుకుంటున్నాయి.

దీనిమీద మాస్టారు బాగా ఆలోచించి ఒక సిద్ధాంతం కనిపెట్టారు. దాన్ని కడుపులోనే దాచుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఎదురింట్లో బాకాయన ఉండేవాడు. పిల్లలకి బ్యాండు నేర్పే మాస్టరు. ఆయనకీ మాస్టారికున్న తిప్పలే. కొత్త పాట ఎత్తుకుంటే బాకా కన్నా ముందు పొట్ట పలికేది. సెలవుల ఆఖరి ఆదివారం పొద్దున పార్కులో కచేరీ ఉందని కోటు కుట్టించుకోవడానికొచ్చాడు.

"మీరు చిక్కారు మాస్టారూ! ఏం మందు వాడుతున్నారు?" అన్నాడు చేతులు చాపి కొలత ఇస్తూ.

మాస్టారు తలుపువైపు చూసి గొంతు తగ్గించారు. "వెన్న కేకు."

"డాక్టరు వద్దంటాడుగా?"

"డాక్టరుకేం తెలుసండీ! మిషన్ గరగరమంటే ఏం చేస్తాం? నూనె వేస్తాం. పేగులూ అంతే. వెన్న తగిలితే చప్పుడు చెయ్యకుండా తిరుగుతాయి."

"అవునా! నాకిన్నాళ్ళూ తట్టనే లేదు!"

"ఎవరితో అనకండి."

బాకాయన ఎవరితోనూ అనలేదు. అయితే ఆ మాట ఆయన మనసులో బలంగా నాటుకుంది.

ఆఖరి ఆదివారం వచ్చింది. వియ్యంకుడు మెడలో కెమెరాతో, వియ్యపురాలు పళ్ళబుట్టతో దిగారు. "ఇవాళ అందరి ముందూ ఆ బూడిదరంగు ప్యాంటే వేసుకోండి. మీరు ఎంత తగ్గారో వాళ్ళూ చూస్తారు" అంది భార్య. మాస్టారు గదిలోకెళ్ళి తొడుక్కున్నారు. హుక్కు పడటం మాట అటుంచి, అసలు ప్యాంటు నిలవడం లేదు. ముందుజాగ్రత్త మరీ ఎక్కువైనట్టుందే, ఎన్ని అరంగుళాలు వదిలాను చెప్మా అనుకున్నారు. బెల్టు కనిపించలేదు. ఎడం చెయ్యి జేబులో పెట్టి లోపలి నుంచి గుప్పిట్లో పట్టుకుని, చాలా దర్జాగా హాల్లోకి వచ్చారు.

"బావగారు భలే ఠీవిగా నిలబడ్డారే!" అన్నాడు వియ్యంకుడు.

"దర్జీ కదండీ, దర్జా ఉంటుంది" అన్నారు మాస్టారు, పట్టు సడలనీయకుండా.

అమ్మలు కుర్చీలు వరసగా వేసింది. తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మధ్య కుర్చీ ముందు నిలబెట్టింది. "ఇంక కదిలావంటే ఒప్పుకోను నాన్నా" అంది. నవ్వుతూనే అన్నా దాని కళ్ళు తడిగా ఉన్నాయి. మాస్టారు ఆ క్షణాన ఎన్నటికీ కదలకూడదనే అనుకున్నారు.

వియ్యంకుడు కెమెరా స్టాండు మీద పెట్టి ఒక కన్ను మూశాడు. సరిగ్గా అప్పుడు వీధి తలుపు భళ్ళున తెరుచుకుంది.

గుమ్మంలో బాకాయన. కొత్త కోటు, పాలిపోయిన మొహం, చెమటకి అంటుకుపోయిన జుట్టు.

"ఎక్కడ? ఆ అరంగుళం ఎక్కడ?"

"కూర్చోండి అన్నయ్యగారూ, ఏమైంది?" అంది మాస్టారి భార్య.

"ఏమైందా చెల్లెమ్మా? మీ ఆయన మాట విని, కచేరీకి ముందు పొట్ట సద్దుమణుగుతుందని పెద్ద ముక్క వెన్న కేకు తిన్నాను. పైన మీగడతో సహా! మొదటి పాట సగంలో బాకా ఒక పిల్లాడి చేతిలో పెట్టి పార్కంతా పరిగెత్తాను! జనం అదీ కచేరీలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు!"

"వెన్న కేకా?" అంది వియ్యపురాలు.

"రోజూ తింటున్నాడటగా! పేగులకి నూనె వేసినట్టుంటుందని చెప్పాడు!"

ఇక నోరు మూయించకపోతే కొంప మునిగేలా ఉంది. మాస్టారు "అయ్యా, కాస్త ఆగండి!" అంటూ గాభరాగా రెండు చేతులూ పైకెత్తారు.

రెండు చేతులూ.

బూడిదరంగు ప్యాంటు ఏ అడ్డూ లేకుండా, ఏ తొందరా లేకుండా, మర్యాదగా కిందికి దిగి పాదాల చుట్టూ కుప్పగా కూర్చుంది. అదిరిపడ్డ వియ్యంకుడి వేలు కెమెరా మీటని నొక్కేసింది. ఛళ్ళున వెలుగు. తన చొక్కాలన్నీ ఒక అరంగుళం పొడుగ్గా కుట్టుకునే మాస్టారి అలవాటు ఆ రోజు పరువుని కొద్దిలో కాపాడింది.

అందరి నవ్వులూ వెనక వినిపిస్తుంటే భార్య ఆయన్ని దుకాణం గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. నోట్లో పిన్నీసులు పెట్టుకుని ప్యాంటు నడుం దగ్గర మడతలు పట్టసాగింది.

"ఎన్ని వదిలారు?" అంది పిన్నీసుల మధ్య నుంచి.

"ఏవిటి?"

"అరంగుళాలు."

మాస్టారు తల వంచుకున్నారు. "నీకు తెలుసా?"

"ఇన్నేళ్ళుగా మీ దుకాణంలో ప్యాంటు అంచులు కుడుతున్నదాన్ని. విప్పిన కుట్టు గీత నాకు కనపడదా?"

"కనపడితే అడగలేదేం?"

"అడిగితే నడుస్తారా? అయినా, మీరు వదిలినంత మాత్రాన ప్యాంటు కిందికి జారదు. మీరు నిజంగానే తగ్గారు."

మాస్టారు తన నడుముని పరాయివాడి నడుములా తడిమి చూసుకున్నారు. "వెన్న కేకు తింటేనా?"

"ఏ వెన్న? అల్లుడు మీ బేరం విన్న రోజునే వచ్చి నాతో చెప్పేశాడు. పాపం, ఆ పిల్లాడికి అబద్ధం చేతకాదు. ఏం వెయ్యాలో నేనే చెప్పాను."

"ఆ వెన్న...?"

"ఉడకబెట్టిన గుమ్మడికాయ."

"దూదిలా మెత్తగా..."

"ఓట్స్ పిండి, గుడ్లు."

"ఆ తీపి?"

"అరటిపండు."

మాస్టారు కుట్టుమిషన్ పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఇన్నాళ్ళూ గుమ్మడికాయని వెన్న అని పొగడటమా! కాసేపటికి ఇంకో అనుమానం వచ్చింది. "పోనీ, ఆ మెట్లవీధిలో బేకరీ తప్ప ఇంకెక్కడా దొరకలేదా?"

"ఎందుకు దొరకదు? ఆ స్నేహితుడికే మన వీధి చివర ఇంకో దుకాణం ఉంది. బాబు ముందు దాని తాళమే తెచ్చాడు. నేనే మార్పించాను."

 ఆఖరి పిన్నీసు నోట్లోంచి తీసి నడుం దగ్గర గుచ్చుతూ భార్య నవ్వింది. "పదండి. మన పిల్ల కుర్చీ దగ్గర ఎదురుచూస్తోంది."

పిన్నీసులు గుచ్చుకుంటాయేమోనన్న భయంతో మాస్టారు ఈసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. అయితే అమ్మలు ఫ్రేము కట్టించింది మాత్రం మొదటి ఫొటోకే. బాకాయనకి అత్తాఅల్లుళ్ళు కలిసి గుమ్మడికాయ కేకు తినిపించి పొట్ట శాంతపరిచారు. అల్లుడు తన సొంత దుకాణానికి ఆ మెట్లవీధి బేకరీనే అద్దెకి తీసుకుని ఊళ్ళోనే ఉండిపోయాడు. సెలవులయ్యాక పొట్ట డాక్టరు టేపు వేసి, నమ్మలేక టేపు తిరగేసి మళ్ళీ కొలిచాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక భార్య తానే పళ్ళెంలో కేకు ముక్క పెట్టి తెచ్చింది. "ఇక దాక్కోనక్కర్లేదు. రోజూ ఇంట్లోనే తినండి."

మాస్టారు ఒక ముక్క నమిలారు. ఇంకో ముక్క నమిలారు. మొహం చిన్నబోయింది.

"ఏం, ఎలా ఉంది?"

"గుమ్మడికాయలా ఉంది."

"మొన్నటిదాకా తిన్నదదే."

"మొన్నటిదాకా వెన్నలా ఉండేది."

భార్య ఆయనకేసి తేరిపార చూసింది. పళ్ళెం లాక్కుని వంటింట్లోకి నడిచింది. "అయితే ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో మీకు కేకు బంద్. అల్లుడు చాటుగా పెట్టాడని తెలిస్తే ఇద్దరి పనీ పడతాను" అని గట్టిగా, అల్లుడికి కూడా వినపడేలా చెప్పింది.

సాయంత్రమయింది. మాస్టారు బూట్లు తొడుక్కున్నారు.

"ఎక్కడికి?"

"అలా నడిచొస్తా."

"కేకు కోసం కాదుగా?"

"ఛ, ఛ! అదేం మాట!"

"సరే. మెట్ల దగ్గర జాగ్రత్త" అంది ఆవిడ, తల ఎత్తకుండా అంచు కుట్టుకుంటూ.

వీధి మలుపులో బాకాయన కొత్త బూట్లతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఇద్దరూ బస్సు డిపో దాటి, రొప్పుతూ మెట్లవీధి ఎక్కారు. పైన అల్లుడు తలుపు కొంచెం తెరిచి, అటూ ఇటూ చూసి ఇద్దర్నీ లోపలికి లాగాడు.

మాస్టారు కళ్ళు మూసుకుని మొదటి ముక్క నోట్లో వేసుకున్నారు. మెల్లగా నమిలారు. మొహం వెలిగిపోయింది.

"ఏం వెన్న, బాబూ!" అన్నారు.